అవ్వ ఫోటో

పిల్లలూ! మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోటోలు ఎన్ని ఉన్నాయో ఒకసారి వెతికి చూడండి. పెళ్ళిళ్ళలో గుంపుగా నిలబడి తీయించుకున్నవి కొన్ని ఉంటాయి. కార్డుల కోసం గబగబా తీయించుకున్నవి కొన్ని ఉంటాయి. కాని చూడగానే "అవును, ఇది మా అవ్వే!" అనిపించే ఫోటో ఒక్కటైనా ఉన్నదా? ఇవాళ చాలా ఇళ్ళలో సెల్‌ఫోను ఉన్నది. అయినా అటువంటి ఫోటో దొరకటం కష్టమే. ఎందుకని?

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో ఒక కుర్రవాడు ఉన్నాడనుకుందాం. వాడి తండ్రి కువైట్‌లో పని చేస్తున్నాడు. ఆయన తన తల్లిని చూసి మూడేళ్ళయింది. "అవ్వది మంచి ఫోటో ఒకటి తీసి పంపు, అబ్బీ!" అని అడిగాడు.

కుర్రవాడు మిట్టమధ్యాహ్నం అవ్వను వాకిట్లో నిలబెట్టాడు. ఫోనును ఆమె ముఖానికి అడుగు దూరంలో పెట్టి ఫోటో తీశాడు. అవ్వ దాన్ని చూసి, "ఈ ముసలిదెవరు? మీ నాయన చూస్తే జడుసుకుంటాడు!" అన్నది. ఆమె నవ్వుతూనే అన్నది గాని, వాడి ముఖం చిన్నబోయింది. ఫోటోలో కళ్ళున్న చోట రెండు నల్లని గుంటలున్నాయి. ముక్కు మాత్రం వంకాయంత ఉన్నది.

ఇందులో ఫోను తప్పేమీ లేదు. అసలు తప్పు తెలుసుకోవటానికి ఆళ్లగడ్డ పిల్లలు ఎక్కడికో పోనక్కర్లేదు. ఆ ఊరు రాతి శిల్పాలకు పేరుపొందింది. అక్కడి శిల్పులు చెక్కిన విగ్రహాలు ఇతర రాష్ట్రాలకే గాక విదేశాలకు కూడా వెళతాయి. అటువంటి విగ్రహం ముఖాన్ని పొద్దున ఒకసారీ, మధ్యాహ్నం ఒకసారీ చూడండి. రాయి అదే, కాని ముఖం వేరుగా కనిపిస్తుంది!

రాతికి ఉన్నది ఒకటే రంగు. అందులో ముక్కూ, చెక్కిళ్ళూ, పెదవులూ మనకు తెలిసేది వెలుగునీడల వల్లనే. పొద్దుటి ఎండ పక్కగా పడినప్పుడు ముఖం ఒక వైపు మెరుస్తుంది, రెండో వైపు నీడలో ఉంటుంది. అందువల్ల చెక్కిళ్ళు గుండ్రంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కనుబొమల నీడ కళ్ళలోనూ, ముక్కు నీడ పెదవుల మీదా పడుతుంది. అవ్వ ఫోటో చెడింది ఇందువల్లనే. పైగా ఆమె రాతి బొమ్మ కాదు గనక, ఎండకు కళ్ళు చికిలించింది కూడా.

మరి ఏం చేయాలి? అవ్వను గడప లోపల, తలుపు పక్కగా కూర్చోబెట్టాలి. అక్కడ ఎండ తగలదు గాని, ఆకాశపు వెలుగు తలుపులోనుంచి పడుతుంది. మబ్బు పట్టిన రోజున మన నీడ సరిగా కనిపించదు గదా? వెలుగు ఒక్క చోటినుంచి గాక ఆకాశమంతటినుంచీ వస్తుంది గనక నీడలు మెత్తబడతాయి. తలుపు దగ్గర కూడా అంతే. ముఖాన్ని కాస్త తలుపు వైపు తిప్పితే కంటిలో చిన్న వెలుగు చుక్క మెరుస్తుంది. ఆ చుక్క వల్లనే చూపులో జీవం కనిపిస్తుంది.

ఇక ముక్కు సంగతి. ముక్కు కొసకూ చెవికీ మధ్య సుమారు 5 అంగుళాల దూరం అనుకుందాం. ఫోను ముక్కుకు 12 అంగుళాల దూరంలో ఉంటే, చెవికి 17 అంగుళాల దూరంలో ఉంటుంది. అంటే చెవి దాదాపు ఒకటిన్నర రెట్లు దూరమన్నమాట. దూరంగా ఉన్నది చిన్నదిగా కనిపిస్తుంది గనక చెవులు కుంచించుకుపోయి, ముక్కు ఉబ్బుతుంది. అదే 5 అడుగుల దూరానికి వెనక్కి జరిగితే ఆ దూరాలు 60, 65 అంగుళాలు అవుతాయి. తేడా పన్నెండో వంతే! అప్పుడు ముఖం మనం రోజూ చూసేటట్టే ఉంటుంది.

విగ్రహ ప్రతిష్ఠలో నేత్రోన్మీలనమని ఒక తంతు ఉన్నది. అంటే విగ్రహానికి కళ్ళు తెరిపించటం. ఫోటోలో కూడా కళ్ళే ముఖ్యం. ఫోను తెర మీద కంటి దగ్గర వేలు తాకిస్తే కళ్ళు స్పష్టంగా వస్తాయి. ఫోనును అవ్వ కళ్ళ ఎత్తులో పట్టుకోవాలి.

ఇవన్నీ వృత్తివాళ్ళకే సాధ్యమని అనుకోకండి. లాలా దీన్ దయాళ్ (1844-1905) ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో ఫోటోలు తీయటం సాగించాడు. తరవాత ఆయన హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. ఘోషా పాటించే స్త్రీల కోసం 1892లో అక్కడ ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచాడు. అందులో ఫోటోలు తీసేది కూడా స్త్రీయే. కొత్తవాళ్ళ ముందు బిగుసుకునే ముఖం, తనవాళ్ళ ముందు విచ్చుకుంటుంది గదా!

అందుచేత ముందు అవ్వను అడగండి. ఆమె వద్దంటే మానెయ్యండి. సరేనంటే, ఆమె చిన్ననాటి కబుర్లు చెప్పించుకుంటూ, మధ్యమధ్య నాలుగైదు ఫోటోలు తీయండి. వాటిని ఆమెకు చూపించి, నచ్చనివి తీసెయ్యండి. ఆమె ఒప్పుకున్న దానినే ఇతరులకు పంపండి.

మన కుర్రవాడు మర్నాడు పొద్దున అట్లాగే చేశాడు. ఆ సాయంత్రం కువైట్‌నుంచి ఫోను వచ్చింది. తండ్రి కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అమ్మా! నా మొదటి జీతంతో చేయించిన కమ్మలు ఇంకా పెట్టుకునే ఉన్నావా?" అని అడిగాడు.

మొదటి ఫోటోలో ఆ కమ్మలు కనపడనే లేదు!