నాలుగింటికల్లా దండెం ఖాళీ!

సాయంత్రం నాలుగు దాటాక మీ దండెం మీద బట్టలు కనిపించకూడదని ఎవరైనా రూలు పెడితే ఏమంటారు? "ముసురు రోజున నువ్వొచ్చి ఆరబెట్టు నాయనా" అనరూ! అమెరికాలో వాషింగ్టన్ పక్కనే, మేరీలాండ్ రాష్ట్రంలోని గ్రీన్‌బెల్ట్ అనే చిన్న ఊళ్ళో ఒకప్పుడు ఇదే రూలు.

మాంద్యం రోజుల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తక్కువ జీతాలవాళ్ళ కోసం కట్టించిన ఊరది. 1937లో కాపురాలు మొదలయ్యాయి. మొత్తం 885 ఇళ్ళు. పిల్లలు కార్ల మధ్య రోడ్డు దాటక్కర్లేకుండా రోడ్ల కిందనుంచే నడకదారులు వేశారు. ఇంత ముందుచూపున్నవాళ్ళే, భర్త సంపాదిస్తుంటే భార్య ఉద్యోగం చేయకూడదన్నారు! ఊరు కట్టిన కూలీల్లో నల్లజాతివాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి మాత్రం అక్కడ ఇల్లివ్వలేదు. ఇది నాకు మింగుడుపడలేదు సుమండీ.

ఇంటిపట్టున ఉన్న ఆడవాళ్ళేమైనా ఊరుకున్నారా? 1941లో తల్లులంతా కలిసి పిల్లలకి నర్సరీ బడి పెట్టుకున్నారు. సరుకుల కొట్టు కూడా అందరి వాటాలతో నడిచేదే, ఇప్పటికీ ఊళ్ళో సహకార సూపర్‌మార్కెట్ ఉంది. 1952లో ప్రభుత్వం ఇళ్ళు అమ్మేస్తానంటే కంగారుపడి ఎవరి దారి వాళ్ళు చూసుకోలేదు, సంఘంగా చేరి కొనేసుకున్నారు. 1937లో ఊరివాళ్ళే మొదలుపెట్టిన వారపత్రికైతే నేటికీ వస్తూనే ఉంది.