గేటు పడితే ఇంజను ఆపాలా?

ఆగి ఉన్న కారులో ఇంజను తిరుగుతున్నంతసేపూ పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది. ఎంత అనేది ఇంజను పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల కొలిస్తే, రెండు లీటర్ల పెట్రోలు ఇంజను ఏసీ వేయకుండానే గంటకు సుమారు 600 మిల్లీలీటర్లు తాగింది. మన రోడ్ల మీద తిరిగే 1.2 లీటర్ల కార్లు ఇంతకంటే తక్కువే తాగుతాయి గానీ, వాటిలో ఏసీ ఆపేవాళ్లు అరుదు. అందువల్ల నిమిషానికి పది మిల్లీలీటర్లు అనుకుంటే లెక్క పెద్దగా తప్పదు. లీటరు 110 రూపాయలైతే నిమిషానికి రూపాయి పైమాటే.

మళ్లీ స్టార్ట్ చేస్తే అంతకంటే ఎక్కువ పెట్రోలు పోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. కార్బురేటర్ల రోజుల్లో అది పూర్తిగా అబద్ధం కాదు. చోక్ లాగి, రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, యాక్సిలరేటర్ తొక్కితే తప్ప బండి అందుకునేది కాదు. ఇప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మోటార్ సైకిళ్లు కూడా దాదాపుగా ఈ పద్ధతికే మారాయి. వేడెక్కిన ఇంజనును మళ్లీ స్టార్ట్ చేయడానికి పట్టే ఇంధనం పది సెకన్లు ఊరికే తిరిగితే అయ్యే ఖర్చును మించదని ఆర్గాన్ పరిశోధకులు తేల్చారు.

అయితే పది సెకన్లు దాటిన ప్రతిచోటా ఆపితే చెప్పుకోదగ్గ ఆదా వస్తుందని కాదు. అరనిమిషం సిగ్నల్ దగ్గర మిగిలేది అర్ధరూపాయి. రైలు గేటు లెక్క వేరు. ఉదాహరణకు, తణుకు మీదుగా సాగే నిడదవోలు–భీమవరం రైలు మార్గం ఇప్పుడు డబుల్ లైను. ఒక రైలు పోయింది కదా, గేటు లేస్తుందని అనుకునేలోపు అవతలి వైపు నుంచి ఇంకోటి రావచ్చు. రోజూ పోతూ వస్తూ గేటు దగ్గర ఐదేసి నిమిషాలు ఆగే కారు వంద మిల్లీలీటర్లు వృథా చేస్తుంది. నెలకు పాతిక రోజులకు రెండున్నర లీటర్లు. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 18 మైలేజీ ఇచ్చే బండికి అది మొత్తం ఖర్చులో ఆరు శాతం. ఇది తీసిపారేసే మొత్తం కాదు.

అసలు అడ్డంకి ఏసీ. చాలా కార్లలో కంప్రెసర్‌ను తిప్పేది ఇంజనే కాబట్టి, దాన్ని ఆపితే చల్లగాలీ ఆగుతుంది. రోహిణి కార్తెలో, పసిపిల్లలో ముసలివాళ్లో ఉన్న కారులో రూపాయి కోసం ఇంజను ఆపమనడం న్యాయం కాదు. నవంబరు, డిసెంబరు సాయంత్రాల్లో మాత్రం ఆ సాకు చెల్లదు.

మాటిమాటికీ స్టార్ట్ చేస్తే బ్యాటరీ, స్టార్టర్ మోటారు త్వరగా అరుగుతాయన్న భయంలో కొంత నిజముంది. తనంతట తానే ఆగి, మళ్లీ అందుకునే కార్లకు అందుకే గట్టి బ్యాటరీ, గట్టి స్టార్టర్ వేస్తారు. మామూలు కారును రోజుకు నాలుగైదుసార్లు గేటు దగ్గర ఆపితే వచ్చే అరుగుదల లెక్కలోకి రాదు. ప్రతి చిన్న ఆగుడుకీ ఆపితేనే ఇబ్బంది. మోటార్ సైకిళ్లలో హీరో సంస్థ 2014లోనే స్ప్లెండర్ ఐస్మార్ట్‌కు ఇలా తనంతట తానే ఆగి అందుకునే ఏర్పాటు పెట్టింది. న్యూట్రల్‌లో కాసేపు నిలబడితే ఇంజను ఆగిపోతుంది, క్లచ్ పట్టుకుంటే మళ్లీ అందుకుంటుంది. ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబరులో ఎర్రలైటు పడితే ఇంజను ఆపేయమని ప్రచారం చేసింది, కానీ అక్కడి ఉద్దేశం పొదుపు కంటే పొగ తగ్గించడం.

ఆపకూడని సందర్భాలూ ఉన్నాయి. జాతీయ రహదారి మీద వేగంగా వచ్చిన టర్బో డీజిల్ బండిని ఆగీ ఆగగానే ఆపకుండా, టర్బో చల్లబడేందుకు కాసేపు తిరగనివ్వాలి. బ్యాటరీ బలహీనంగా ఉన్న బండి గేటు ముందు మొరాయిస్తే వెనకున్న వరసంతా ఆగిపోతుంది. కదులుతున్న కారులో ఇంజను ఆపితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు సాయమూ తగ్గిపోతుంది. కాబట్టి బండి పూర్తిగా నిలిచాకే తాళం తిప్పాలి. గేటు లేచాక ముందు స్టార్ట్ చేసి, ఇంజను సరిగా అందుకుందని చూసుకున్నాకే పట్టాలు దాటాలి.