ప్రసవవేదనకు సూదిమందు ఒక్కటేనా శరణ్యం?

ప్రసవం స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు అంటారు. ఆ మాటలో గౌరవంతోపాటు భయమూ ఉంది. నొప్పులకు జడిసి, అవసరం లేకున్నా ఆపరేషన్ చేయమని కోరే గర్భిణులు లేకపోలేదు. మరికొందరు వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తును ఆశ్రయిస్తారు. అది నొప్పిని బాగా తగ్గించే ప్రక్రియే. అయితే దానికి మత్తువైద్యుడు దగ్గర ఉండాలి. రక్తపోటు పడిపోవడం, కాళ్ళు బరువెక్కడం, బిడ్డ బయటికి వచ్చే దశ కొంత సాగడం వంటి ఇబ్బందులు కలుగవచ్చు. ఈ మత్తు లేకుండానే వేదనను ఓర్చుకోదగినంతగా తగ్గించే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనదానికి మందూ అక్కరలేదు, ఖర్చూ లేదు. అది అనుభవజ్ఞురాలైన ఆత్మీయురాలి తోడు.

భయమే నొప్పికి బలం

గర్భాశయం సంకోచించి, దాని ముఖద్వారం క్రమంగా విచ్చుకోవడమే నొప్పులకు మూలం. భయపడిన స్త్రీ శరీరం బిగుసుకుంటుంది. బిగుసుకున్నకొద్దీ బాధ హెచ్చుతుంది. ఆంగ్ల వైద్యుడు గ్రాంట్లీ డిక్‌రీడ్ 1930వ దశకంలోనే ఈ సంగతిని వివరించాడు. శిశువును వెలుపలికి పంపేది అపానవాయువనీ, భయం వాతాన్ని ప్రకోపింపజేస్తుందనీ ఆయుర్వేదం చెబుతుంది.

చరకుని ఉపదేశం

చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ప్రసవ పరిచర్య విపులంగా ఉంది. అనేక కాన్పులు చూచినవారు, స్నేహశీలురు, నేర్పరులు, కష్టానికి ఓర్చేవారు అయిన స్త్రీలు గర్భిణిని పరివేష్టించి ధైర్యం చెప్పాలన్నాడు చరకుడు. నొప్పులు రాగానే రోకలి పట్టి ధాన్యం దంచాలనే కొందరి అభిప్రాయాన్ని ఆత్రేయుడు నిరాకరించాడు. కఠిన శ్రమ కూడదు గాని మెల్లగా నడవడం మంచిదన్నాడు. నడుము, పార్శ్వాలు, వీపు, తొడలపై గోరువెచ్చని తైలం మృదువుగా మర్దించాలన్నాడు. నొప్పి రానప్పుడు ముక్కడం, రాని తుమ్మును బలవంతాన తెచ్చుకోవడం వంటి వ్యర్థప్రయాస అని హెచ్చరించాడు.

నేటి శాస్త్రం ఏమంటోంది?

ప్రసవ సమయంలో ఎడతెగని తోడు గురించి పదిహేనువేలమందికి పైగా స్త్రీలపై జరిగిన 26 పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2017లో సమీక్షించింది. తోడు ఉన్నవారిలో సహజ ప్రసవాలు పెరిగాయి, ప్రసవకాలం కొంత తగ్గింది, నొప్పి మందుల అవసరమూ తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన సూచనలలో తోడు, నడక, శ్వాసాభ్యాసం, మర్దన, వెచ్చని కాపడం అన్నీ చోటు చేసుకున్నాయి. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2016లోనే ప్రభుత్వాసుపత్రుల ప్రసవగదిలోకి, కాన్పు అనుభవం గల ఒక స్త్రీని తోడుగా అనుమతించింది. కనుక తొమ్మిదో నెలలోపే ఆసుపత్రివారితో ఈ విషయం మాట్లాడుకోవాలి.

తోడున్నవారు చేయదగినవి

1. నొప్పికీ నొప్పికీ నడుమ గర్భిణిని నెమ్మదిగా నడిపించాలి. నొప్పి వచ్చినప్పుడు గోడకో, కుర్చీకో ఆని ముందుకు వంగనివ్వాలి. అలసినప్పుడు ఎడమ ప్రక్కకు పడుకోబెట్టాలి.

2. గోరువెచ్చని నువ్వులనూనెతో నడుము క్రిందిభాగాన్ని నిమరాలి. నొప్పి తీవ్రమైనప్పుడు అక్కడ అరచేతితో స్థిరంగా అదమాలి. కడుపును మాత్రం ఎన్నడూ నొక్కరాదు.

3. వేడినీటిలో తడిపి పిండిన గుడ్డతో నడుముకు కాపడం పెట్టాలి. ముందుగా మన ముంజేతిపై వేడి చూచుకోవాలి.

4. ముక్కుతో నిదానంగా గాలి పీల్చి, నోటితో అంతకంటె నిదానంగా వదలాలి. తోడున్నవారు తామూ అలాగే చేస్తుంటే గర్భిణికి లయ తప్పదు. దీనిని ఏడవ నెల నుండి ఇంట్లో సాధన చేయడం మంచిది.

5. వైద్యులు వద్దనకపోతే పలుచని జావ, కొబ్బరినీళ్ళు కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు.

ఇవి చాలనప్పుడు కొన్ని ఆసుపత్రులలో గోరువెచ్చని నీటితొట్టె, నైట్రస్ ఆక్సైడు, ప్రాణవాయువు సమంగా కలిపిన వాయువు, నొప్పి తగ్గించే ఇంజక్షన్లు లభిస్తాయి.

హెచ్చరిక

నొప్పులు త్వరగా రావాలని ఆముదం త్రాగించడం, తెలియని కషాయాలు ఇవ్వడం ప్రమాదకరం. బస్తికర్మ వంటివి ఆయుర్వేద వైద్యుని పర్యవేక్షణలో తప్ప చేయరాదు. రక్తస్రావం, ఉమ్మనీరు ఆకుపచ్చగా కనబడడం, బిడ్డ కదలిక తగ్గడం, తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ - వీటిలో ఏది కనబడినా వెంటనే వైద్యులకు తెలపాలి.

పై ఉపాయాలు నొప్పిని పూర్తిగా మాపవు. ఓర్చుకునే శక్తిని ఇస్తాయి. అంతకుమించి బాధ భరించలేనని గర్భిణి అంటే ఎపిడ్యూరల్ కోరడం ఆమె హక్కు. అది పిరికితనం కాదు. ఆమెను నిందించని తోడే నిజమైన తోడు.