డిమ్మర్ ర్యాకుకు ప్యాచ్ ప్యానెల్, కనెక్టర్ల ఎంపిక

కాలేజీ వార్షికోత్సవంలో నాటకం జరుగుతున్నప్పుడు వేదిక మీది వెలుగు మెల్లగా తగ్గి, చివరికి ఒక్క పాత్ర ముఖం మీదనే నిలవడం మీరు చూసే ఉంటారు. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో ప్రదర్శించిన ‘అంగార్’ నాటకంలో తాపస్ సేన్ కేవలం వెలుగునీడలతో బొగ్గు గనిలోకి నీరు ముంచుకొచ్చినట్టు చూపించారు. ప్రేక్షకులకు అది కళ. తెర పక్కన నిలబడిన వారికి మాత్రం అది పదుల ఆంపియర్ల విద్యుత్తు. ఆ విద్యుత్తు వెళ్ళే దారిలో ప్లగ్గులు, సాకెట్లు ఎలా ఉండాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అంటే సెకనుకు 100 అర్ధ తరంగాలు. ప్రతి అర్ధ తరంగంలోనూ ప్రవాహాన్ని కాస్త ఆలస్యంగా వదలడమే డిమ్మర్ చేసే పని. ఎంత ఆలస్యమైతే దీపం అంత మసకబారుతుంది. ఇలాంటి డిమ్మర్లు ఆరో, పన్నెండో ఒకే ఇనుప పెట్టెలో ఉంటే దానిని డిమ్మర్ ర్యాకు అంటారు.

ఇప్పుడు ఒక హాలును ఊహించుకోండి. పైన కమ్మీల వెంట దీపాలకు 48 సాకెట్లు ఉన్నాయి, డిమ్మర్లు మాత్రం 24. ఈ నాటకానికి ఏ సాకెట్టును ఏ డిమ్మర్‌కు కలపాలో నిర్ణయించే చోటే ప్యాచ్ ప్యానెల్. కంట్రోల్ డెస్కులో కూడా ‘ప్యాచ్’ అనే మాట వినిపిస్తుంది. రెండింటినీ కలిపి గందరగోళపడకండి. 1986లో వచ్చిన డి.ఎం.ఎక్స్. 512 పద్ధతిలో డెస్కు పంపేది సంకేతం మాత్రమే. అక్కడ పొరపాటు జరిగితే ఒక దీపానికి బదులు మరొకటి వెలుగుతుంది. పవర్ ప్యాచ్‌లో పొరపాటు జరిగితే వైరు కాలుతుంది.

ఎంపిక లెక్కతో మొదలవ్వాలి. 1000 వాట్ల పార్ దీపం 230 వోల్టుల దగ్గర 4.35 ఆంపియర్లు తీసుకుంటుంది. 10 ఆంపియర్ల డిమ్మర్‌కు రెండు దీపాలు తగిలిస్తే 8.7, ఇది సరే. మూడోది తగిలిస్తే 13 దాటుతుంది. ప్యానెల్‌లో ఒక్కో డిమ్మర్‌కు నాలుగు సాకెట్లు కనబడితే ఎవరో ఒకరు నాలుగూ నింపుతారు! అందుకే డిమ్మర్‌కు రెండు సాకెట్లకు మించి లేని ప్యానెల్ మేలని నా అభిప్రాయం. ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతోందని దాని స్థానంలో పెద్దది బిగించడం అన్నిటికంటే చెడ్డ పని. ఎం.సి.బి. కాపాడేది దీపాన్ని కాదు, వైరును.

ఇక ర్యాకుకు వచ్చే సరఫరా. 10 ఆంపియర్ల డిమ్మర్లు పన్నెండు ఉంటే, మూడు ఫేజులకు పంచినప్పుడు ఫేజుకు నాలుగు, అంటే 40 ఆంపియర్లు. దీనికి 32 ఆంపియర్ల త్రీఫేజ్ కనెక్టర్ చాలదు, 63 ఆంపియర్లది కావాలి. న్యూట్రల్ సంగతి కూడా మరవకూడదు. మూడు ఫేజుల మీద సమానమైన మామూలు లోడు ఉంటే న్యూట్రల్‌లో ప్రవాహాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయని మీరు చదువుకున్నారు. కాని డిమ్మర్ కోసిన తరంగంలో 150 హెర్ట్జుల మూడో హార్మోనిక్ ఉంటుంది. అది రద్దు కాదు. మూడు ఫేజుల నుంచీ ఒకేసారి వచ్చి న్యూట్రల్‌లో కలుస్తుంది. కాబట్టి న్యూట్రల్ తీగ ఫేజు తీగ కంటే సన్నగా ఉండనే కూడదు.

కనెక్టర్ విషయంలో అసలు శత్రువు లూజు కాంటాక్టు. ఉష్ణం ప్రవాహపు వర్గానికి, నిరోధానికి అనులోమంగా ఉంటుంది కదా. పిన్ను వదులై 0.1 ఓం నిరోధం ఏర్పడిందనుకోండి. 10 ఆంపియర్ల దగ్గర అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ సాకెట్టులో మూసిపెట్టినట్టే. పక్కనే గుడ్డ తెరలు వేలాడుతుంటాయి. 1903 డిసెంబరు 30న చికాగోలోని ఇరొక్వా థియేటర్‌లో ఒక ఆర్క్ దీపం నుంచి నిప్పు తెరకు అంటుకుంది. తలుపులు సరిగా తెరుచుకోక 600 మందికి పైగా మరణించారు.

మరి ఏ ప్లగ్గు? ఇక్కడ మన దేశానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బ్రిటన్ థియేటర్లలో డిమ్మర్ లైన్లకు గుండ్రని పిన్నుల 15 ఆంపియర్ల ప్లగ్గు వాడతారు. అక్కడి ఇళ్ళలో ఉండేది చదరపు పిన్నుల ప్లగ్గు కాబట్టి టీ కెటిల్‌ను ఎవరూ పొరపాటున డిమ్మర్‌కు తగిలించలేరు. మన ఇళ్ళలో గీజరుకు వాడేది దాదాపు ఆ గుండ్రని ప్లగ్గే! దానినే వేదిక మీద డిమ్మర్ లైన్లకు పెడితే ఎవరైనా పెడస్టల్ ఫ్యానో, ఆంప్లిఫయరో తెచ్చి తగిలిస్తారు. కోసిన తరంగం వాటిని పాడుచేస్తుంది. అందువల్ల డిమ్మర్ లైన్లకు ఐ.ఇ.సి. 60309 ప్రమాణం గల 16 ఆంపియర్ల నీలి రంగు ఇండస్ట్రియల్ సాకెట్లు ఎంచుకుని, మామూలు సరఫరాకు త్రీపిన్ సాకెట్లు ఉంచడం మంచిది. ధర ఎక్కువే, కాని చూడగానే తేడా తెలుస్తుంది. ఎల్.ఇ.డి. దీపాలు పెరిగాక ఈ తేడా మరీ ముఖ్యమైంది. డి.ఎం.ఎక్స్.తో నడిచే ఎల్.ఇ.డి. దీపానికి ఎప్పుడూ పూర్తి 230 వోల్టులు కావాలి, దానిని డిమ్మర్ లైను మీద పెట్టకూడదు.

దూరం ఎక్కువైతే ఆరు విడి కేబుళ్ళకు బదులు 19 పిన్నుల మల్టీకోర్ కనెక్టర్ వాడతారు. ఆరు సర్క్యూట్లకు తలా ఒక ఫేజు, న్యూట్రల్, ఎర్త్ చొప్పున 18 పిన్నులు సరిపోతాయి. ఏది కొన్నా సరఫరా వచ్చే వైపు సాకెట్టు, దీపం వైపు పిన్నులు ఉండాలి. రెండు వైపులా పిన్నులున్న తీగ కనిపిస్తే వెంటనే కత్తిరించి పారేయండి.

ప్యాచ్ మార్చేటప్పుడు ఫేడర్‌ను సున్నాకు దించితే సరిపోతుందనుకోకండి. దీపం ఆరినా డిమ్మర్ గుండా కొద్దిపాటి లీకేజీ ఉంటుంది, సాకెట్టులో షాకు కొట్టే వోల్టేజీ నిలిచే ఉంటుంది. ఎం.సి.బి. దించాకే ప్లగ్గు తీయాలి. ఒంటి తీగల పెద్ద కనెక్టర్లయితే సరఫరా ఆపి ముందు ఎర్త్, తరువాత న్యూట్రల్, చివర ఫేజులు కలపాలి. విప్పేటప్పుడు ఇదే వరుసను తిరగేయాలి. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ది. మీరు పక్కన నిలబడి వరుస తప్పకుండా చూడండి.

రిహార్సల్ అరగంట నడిచాక సరఫరా ఆపించి, ప్యానెల్‌లోని ప్లగ్గుల వెనుక భాగాన్ని ఒక్కొక్కటిగా తాకి చూడండి. మిగతావాటికంటే వేడిగా తగిలిన ప్లగ్గునూ దాని సాకెట్టునూ ఆ రాత్రి ప్రదర్శనకు ముందే మార్పించండి.