విశ్రాంతి ఎప్పుడూ మందేనా?

వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలు మూసీ నదికి పుట్టినిల్లని మీరు చదివే ఉంటారు. ఆ కొండలమీదనే వెనుకటి రోజుల్లో క్షయరోగులకోసం శానిటోరియం వెలసింది. సరియైన మందులు లేని ఆ కాలంలో క్షయకు చికిత్స ఏమిటి? మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి.

మందులు వచ్చాక, 1956లో మద్రాసులో శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొందరు రోగులను శానిటోరియంలో, మరికొందరిని ఇంటివద్దనే ఉంచి ఒకే మందులిచ్చారు. ఇంటివద్దనున్నవారికి తిండీ తక్కువే, విశ్రాంతీ తక్కువే. అయినా ఉభయులకూ దాదాపు ఒకేవిధంగా నయమైంది. రోగాన్ని కుదిర్చింది మందే కాని మంచం కాదన్నమాట!

జబ్బుపడినప్పుడు విశ్రాంతి కావలసిందే. కాని ఆరోగ్యంగా ఉన్న ముసలివారిని కూర్చోబెడితే ఏమవుతుంది?

మన పిక్కల కండరాలు నడిచినప్పుడల్లా బిగిసి, కాళ్ళలోని రక్తాన్ని గుండెవైపు పైకి నెడతాయి. కూర్చుంటే ఆ పని మందగిస్తుంది. వాడని కండరం సన్నబడుతుంది. బరువు మోయని ఎముక సున్నాన్ని కోల్పోతుంది. అంతరిక్షంలో బరువు తెలియని వ్యోమగాములకు నడుము, తొడల ఎముకల్లో నెలకు సుమారు ఒక శాతం తరుగుతుంది. ముసలితనంలో కండ, ఎముక రెండూ బలహీనమైతే, కాలు జారి పడినప్పుడు తుంటి ఎముక విరిగే ప్రమాదముంది.

గుండె సంగతి? లండన్ బస్సుల్లో డ్రైవర్లు రోజంతా కూర్చునేవారు. కండక్టర్లు రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగేవారు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువని జెరెమీ మారిస్ బృందం 1953లో ప్రకటించింది.

"మరి తాండూరు గనుల్లో బండలు మోసేవారు అందరికంటె ఆరోగ్యంగా ఉండాలి కదా?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. శ్రమ హద్దు మీరితే నడుము, మోకాళ్ళు దెబ్బతింటాయి. రాతిదుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. శరీరానికి కావలసింది కదలిక. ఓపికకు మించిన బరువు కాదు.

అరవై అయిదేళ్ళు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు కొంచెం వేగంగా నడవడంవంటి పని చేయాలని, వారంలో మూడురోజులైనా కండబలాన్నీ, నిలకడనూ పెంచే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వాకిలి ఊడ్చడం, బజారుకు నడిచి వెళ్ళడం, మొక్కలకు నీళ్ళు పోయడం కూడా కదలికలే.

కనుక నాయనమ్మ చేతిలోని చెంబును ప్రేమతో లాక్కుని "నువ్వు కూర్చో" అనకండి. ఆమెతోపాటు నడవండి. ఆయాసం, గుండెనొప్పి, తలతిరుగుడు ఉంటే మాత్రం ముందుగా డాక్టరుకు చూపించాలి.

మీకు రోజుకు 60 నిమిషాల ఆట అవసరం. ఎముకలు గట్టిపడే వయసు మీదే. ఇప్పుడొక ప్రయోగం: కూర్చుని మణికట్టు వద్ద నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కించండి. మూడు నిమిషాలు వడిగా నడిచి మళ్ళీ లెక్కించండి. మొదటి అంకెకు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టింది? నెలరోజులు రోజూ నడిచాక మళ్ళీ చూసి, రెండు లెక్కలనూ మీ నోటుపుస్తకంలో పక్కపక్కన రాయండి.