పగిలినా, పోయినా, చిల్లు పడినా…

పాత అకూస్టిక్ గిటార్ల లోకంలో ధరలు రెండు రకాలు: చెక్కను బట్టి పలికేది ఒకటి, వాయించిన చేతిని బట్టి పలికేది ఇంకొకటి.

చేతి ధరకు పెద్ద ఉదాహరణ మార్టిన్ కంపెనీ వారి 1959 నాటి డి-18ఇ. 1993 నవంబరులో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కచేరీలో నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ వాయించింది దీన్నే. 2020 జూన్‌లో అమెరికాలో వేలం వేస్తే 60 లక్షల డాలర్లు దాటింది. అప్పటికి ఏ రకం గిటారుకూ అంత ధర రాలేదు. తమాషా ఏమిటంటే, ఆ మోడల్ కంపెనీకి అచ్చిరానిది. అకూస్టిక్ గిటారుకు ఎలక్ట్రిక్ పికప్‌లు బిగించి చూశారు, కుదరలేదు. 302 చేసి మానేశారు.

చెక్క ధర సంగతికొస్తే మొదట చెప్పుకోవలసింది డి-45. పాటల కౌబాయ్‌గా పేరుపడ్డ జీన్ ఆట్రీ కోసం 1933లో మొదటిది చేశారు. 1942 దాకా తయారైనవి 91 మాత్రమే. వీటి వెనుక పలక, పక్క పలకలు బ్రెజిల్ రోజ్‌వుడ్. దుంగల ఎగుమతిని బ్రెజిల్ కట్టడి చేయడంతో 1969 నుంచి మార్టిన్ కంపెనీ భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. మన అడవుల్లో జిట్రేగి అంటామే, అదే. బ్రెజిల్ చెక్కకు 1992 నుంచి అంతర్జాతీయ రక్షణ ఉంది కాబట్టి అలాంటి గిటారును సరిహద్దు దాటించాలంటే కాగితాలు కావాలి. అయినా మోజు తగ్గలేదు.

ఆ మోజు చెవిదా, కంటిదా? ఇంగ్లండులో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు వెనుక, పక్క చెక్కలు తప్ప అన్నీ ఒకేలా ఉన్న ఆరు గిటార్లు చేయించి, చెక్క కనబడకుండా చేసి 52 మంది వాదకుల చేత వాయింపజేశారు. 2018లో వెలువడిన ఫలితం: ఖరీదైన చెక్కకూ చవక చెక్కకూ వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పాతది కొనబోయేవాళ్లు బేరానికి ముందు ఇది గుర్తుంచుకుంటే డబ్బు మిగులుతుంది!

వయసు తెలుసుకోవడం మార్టిన్‌తో సులువు. 1898 నుంచి, 8000 దగ్గర మొదలుపెట్టి, వరుస నంబర్లు వేస్తున్నారు. రంధ్రంలోంచి లోపలికి చూసి నంబరు చదివితే ఏడాది తెలిసిపోతుంది. గిబ్సన్ కంపెనీ నంబర్లు అంత బుద్ధిగా ఉండవు. అయినా 1962లో గాయకుడు జాన్ లెనన్ కొన్న గిబ్సన్ జె-160ఇ ఆనవాలు చివరికి దొరికింది. 1963 చివర్లో లండన్‌లో ప్రదర్శనల సమయంలో మాయమైన ఆ గిటారును, ఎవరిదో తెలియకుండానే, అమెరికాలో ఒకాయన 175 డాలర్లకు కొన్నాడు. దశాబ్దాల తర్వాత నంబరుతో పాటు చెక్క మీది చారలనూ పాత ఫోటోలతో పోల్చి తేల్చారు. 2015లో 24 లక్షల డాలర్లు పలికింది.

గాయకుడు విల్లీ నెల్సన్ గిటారు ‘ట్రిగర్’ది ఇంకో దారి. 1969లో కళ్లతో చూడకుండానే 750 డాలర్లిచ్చి కొన్న మార్టిన్ ఎన్-20 అది. వేళ్లతో మీటే నైలాన్ తీగల గిటారు కనుక రక్షణ పలక ఉండదు. ఆయనేమో దాన్ని పిక్‌తో వాయించాడు. గీసుకుని గీసుకుని ముందు పలకకు పెద్ద చిల్లు పడింది. 1990లో పన్ను బకాయిల కింద ప్రభుత్వం ఆస్తులు జప్తు చేస్తుంటే, ఆయన ముందుగా దాచిపెట్టించింది ఈ చిల్లు గిటారునే.

అంత అదృష్టం లేనిది 1870ల నాటి మార్టిన్ ఒకటి. కంపెనీ మ్యూజియం దాన్ని దర్శకుడు టరంటినో తీసిన ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ సినిమాకు అరువిచ్చింది. కథలో గిటారును పగలగొట్టే సమయానికి నకలు పెట్టాలి. ఆ మాట నటుడు కర్ట్ రస్సెల్‌కు ఎవరూ చెప్పలేదు. ఆయన లాక్కుని అసలుదాన్నే బద్దలు కొట్టాడు. విలువ సుమారు 40 వేల డాలర్లు. సినిమాలకు గిటార్లు ఇక ఇవ్వబోమని మ్యూజియం ప్రకటించింది. దాన్ని వాయిస్తున్న పాత్రలో ఉన్న జెన్నిఫర్ జేసన్ లీ నిజంగానే హడలిపోయి కేక పెట్టింది. ఆ షాట్‌ను దర్శకుడు సినిమాలో అలాగే ఉంచాడు.