ఫైబర్ బాక్స్‌కి సొంత రౌటర్ కలుపుతున్నారా? ముందు ఈ మూడు పద్ధతులు తెలుసుకోండి

ఫైబర్ కనెక్షన్ పెట్టేటప్పుడు ఆపరేటర్ ఇచ్చే బాక్స్‌ని కొందరు మోడెమ్ అంటారు, కొందరు రౌటర్ అంటారు. నిజానికి అది రెండు పనులూ చేస్తుంది. ఫైబర్‌లో వచ్చే కాంతి సిగ్నల్‌ని ఈథర్‌నెట్‌గా మార్చడం మొదటిది, దీన్ని ఓఎన్‌టీ పని అంటాం. ఆ కనెక్షన్‌ని ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌లకు పంచడం రెండోది, అది రౌటర్ పని. ఈ రెండో పనిని సొంత రౌటర్‌కి ఇస్తే వైఫైని ఇంటి మధ్యలో పెట్టుకోవచ్చు. రేపు ఆపరేటర్‌ని మార్చినా వైఫై పేరు, పాస్‌వర్డ్ అవే ఉంటాయి.

1. నేరుగా కలపడం
ఓఎన్‌టీ ల్యాన్ పోర్ట్ నుంచి రౌటర్ వ్యాన్ పోర్ట్‌కి కేబుల్ పెడితే చాలు, నెట్ వచ్చేస్తుంది. కానీ ఇక్కడ డబుల్ న్యాట్ ఉంటుంది, అంటే అడ్రస్ రెండుసార్లు మారుతుంది. బ్రౌజింగ్, యూట్యూబ్‌కి ఇబ్బంది లేదు. గేమ్ హోస్ట్ చేయాలన్నా, పోర్ట్ ఫార్వర్డింగ్ కావాలన్నా మాత్రం కష్టం. మీ బ్లాక్ వాచ్‌మన్‌కి చెప్పి ఉంచినా, మెయిన్ గేటు దగ్గర చెప్పకపోతే డెలివరీ బాయ్ లోపలికి రాలేడు కదా, ఇదీ అంతే. రెండు బాక్సులకీ 192.168.1.1 అడ్రసే ఉంటే రౌటర్‌ది 192.168.50.1 లాగా మార్చండి.

2. యాక్సెస్ పాయింట్ మోడ్
రౌటర్ సెట్టింగ్స్‌లో ఈ మోడ్ ఆన్ చేస్తే అది వైఫై మాత్రమే ఇస్తుంది, మిగతాదంతా ఓఎన్‌టీ చూసుకుంటుంది. డబుల్ న్యాట్ ఉండదు. అన్నిటికన్నా సులువు ఇదే.

3. బ్రిడ్జ్ మోడ్
ఇందులో ఓఎన్‌టీ సిగ్నల్ మార్చడం వరకే చేస్తుంది. లాగిన్ అయ్యేది మీ రౌటర్. చాలా కనెక్షన్లలో దీనికి పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఒక్కోసారి వీల్యాన్ ఐడీ కావాలి. ఇవి చేతికి రాకముందు బ్రిడ్జ్ ఆన్ చేశారంటే ఇంట్లో అందరికీ నెట్ పోయి, ఆపరేటర్ మనిషి కోసం ఎదురుచూడాలి. ముందే పాత సెట్టింగ్స్ పేజీలన్నీ ఫొటో తీసుకోండి. బాక్స్‌కి ల్యాండ్‌లైన్ ఫోన్ ఉంటే అది పనిచేస్తుందో లేదో కూడా అడగండి.

బ్రిడ్జ్ పెట్టాక రౌటర్‌లో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనకాల ఉన్నట్టు. అప్పుడు బ్రిడ్జ్ పెట్టినా పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. పబ్లిక్ ఐపీ ఇస్తారేమో ఆపరేటర్‌నే అడగాలి.

ఏ పద్ధతికైనా ఇవి చూసుకోండి
- ఓఎన్‌టీ వైఫై ఆఫ్ చేయండి. లేకపోతే ఫోన్లు ఆ పాత సిగ్నల్‌నే పట్టుకుని కూర్చుంటాయి.
- రౌటర్ పోర్టులు గిగాబిట్‌వేనా? 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఉంటే 300 ప్లాన్ తీసుకున్నా దండగే. కేబుల్ క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల వరకు 1 జీబీపీఎస్ వెళ్తుంది.
- ఫైబర్ తీగని మడవొద్దు, ఊడదీసి దాని కొసలోకి చూడొద్దు.
- కరెంటు పోతే రెండు బాక్సులకీ బ్యాకప్ కావాలి. మినీ యూపీఎస్ కొనేముందు రెండు అడాప్టర్ల వోల్టులు, ఆంపియర్లు చూడండి.

నా సలహా
నా ఫ్లాట్‌లో నేను బ్రిడ్జ్ మోడ్ వాడుతున్నాను. ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో మాత్రం కావాలనే యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టాను. అక్కడ ఏదైనా ఆగితే లైన్‌మన్ వచ్చి బాక్స్ రీసెట్ చేస్తాడు. బ్రిడ్జ్‌లో ఉంటే ఆ ఒక్క రీసెట్‌తో సెటప్ మొత్తం పోతుంది, సరిచేయడానికి నేను పక్కన ఉండను. వాళ్లకి గేమింగ్ అక్కర్లేదు, సాయంత్రం వీడియో కాల్ కలిస్తే చాలు. కాబట్టి స్పీడ్ టెస్ట్ కన్నా ముందు, ఆ ఇంట్లో నెట్ ఆగితే బాగుచేసేది ఎవరో ఆలోచించి మోడ్ ఎంచుకోండి.